పిచ్చర్ ఎలీషా పదోన్నతి

మా కొఠారుపాలెంలో ఉప్పు తప్ప మరొకటి పండదు. అలాంటి ఊళ్ళోకి బేస్‌బాల్ రావడానికి కారణం తీరప్రాంత ఉప్పు అభివృద్ధి సంస్థ ఛైర్మన్ గారి విదేశీ పర్యటన. ఉప్పు ఎలా ఆరబెడుతున్నారో చూసి రమ్మని ప్రభుత్వం ఆయన్ని అమెరికా పంపింది. ఆయన వెళ్ళిన చోట వాన వదల్లేదు. ఉప్పు మడులు చూడ్డానికి వీలుపడలేదు. ఎండ కాసిన రోజు చూస్తే ఆదివారం అయింది. అతిథిని ఏం చెయ్యాలో తోచక అక్కడివాళ్ళు బేస్‌బాల్ ఆటకు తీసుకుపోయారు. తిరిగొచ్చాక ఛైర్మన్ గారు సమర్పించిన నివేదికలో ఉప్పు గురించి ఒక పేరా ఉంది. మిగతాదంతా బేస్‌బాలే. "సమష్టి కృషి, క్రమశిక్షణ, లక్ష్యశుద్ధి లోపించుటవలననే మన ఉప్పు తడిసిపోవుచున్నది" అని ఆయన తేల్చారు.

నేనప్పుడు ఆ సంస్థ పర్సనల్ విభాగంలో టైపిస్టుని. నివేదిక టైపు చేసింది నేనే, ఆ తర్వాత వచ్చిన ఉత్తర్వులన్నీ టైపు చేసిందీ నేనే. అందుకే ఈ సంగతులు నాకు తెలుసు.

జట్టు కట్టాలంటే ఆటగాళ్ళు కావాలి. జిల్లా మొత్తం మీద ఆ ఆట పేరు విన్నవాళ్ళే లేరు. గట్టిగా విసరగలిగేవాళ్ళూ, గట్టిగా కొట్టగలిగేవాళ్ళూ, వేగంగా పరిగెత్తగలిగేవాళ్ళూ దరఖాస్తు చేసుకోవచ్చని ప్రకటించారు. ఇరుగుపొరుగు తగాదాల్లో పేరు మోసిన వాళ్ళంతా వచ్చారు. వాళ్ళ మధ్య ఒక పక్కగా నిలబడ్డాడు బుర్రి ఎలీషా. పొడుగాటి చేతులు, తక్కువ మాటలు. వాళ్ళ నాన్న ఉప్పు కొఠార్లలో, అంటే ఉప్పు పండించే మడుల్లో, కూలీ. కొఠార్లలోకి దిగే గేదెల్ని మట్టిగడ్డలతో తోలడం చిన్నప్పటినుంచీ ఎలీషా పని. గడ్డ గేదె చెవి పక్కనుంచి రివ్వున పోవాలి గానీ గేదెకు తగలకూడదు. తగిలితే గేదెగలవాళ్ళు తగువుకొస్తారు.

ఎంపిక రోజున దూరంగా ఒక గుంజ మీద కొబ్బరికాయ పెట్టి విసరమన్నారు.

"తగలాల్నా, పక్కనించి పోవాల్నా అండీ?" అని అడిగాడు ఎలీషా.

అధికారులు మొహామొహాలు చూసుకున్నారు. "రెండూ చెయ్యి" అన్నారు. రెండూ చేశాడు. అప్పటికప్పుడు ఉద్యోగం ఇచ్చారు. పిచ్చర్ అనే మాటకు భాషా సంఘం వారు తెలుగు చేసిన హోదా: కందుక ప్రక్షేపకుడు, రెండవ తరగతి.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. మట్టి దిబ్బ మీద నిలబడి బంతి విసిరేవాడు పిచ్చర్. ఎదురుగా కర్ర పట్టుకుని కొట్టేవాడు బ్యాటర్. అతని వెనక గొంతుకూర్చుని బంతి పట్టేవాడు క్యాచర్. మూడుసార్లు కొట్టలేకపోతే బ్యాటర్ అవుట్. కొట్టగలిగితే బేస్ అనే గోనెపట్టా మీదినుంచి ఇంకో బేస్ మీదికి పరిగెడుతూ మైదానం చుట్టి రావాలి. ఈ ఆటలో గడియారం లేదు. ఎవరో ఒకరు గెలిచిందాకా సాగుతూనే ఉంటుంది. ప్రభుత్వ కార్యాలయాలకు ఇంతగా నచ్చడానికి అదే కారణమని మా సెక్షన్లో అనుకునేవాళ్ళం.

క్యాచర్‌గా కరీముల్లా చేరాడు. అంతకుముందు ఉప్పు బస్తాలు మోసేవాడు, ఎంత సేపైనా గొంతుకూర్చోగలడు. ఈ ఇద్దరూ కలిశాక కొఠారుపాలెం జట్టును ఆపేవాళ్ళు లేకపోయారు. ఎలీషా విసిరిన బంతి బ్యాటర్ మోకాలి దగ్గరకు వచ్చినట్టే వచ్చి చివర్లో పక్కకి తిరిగేది. దాన్ని ఎలా తిప్పుతావని ఎవరడిగినా, "అది తిరగాలనుకుంటదండీ, నేను వద్దనను" అనేవాడు. కప్పులు వచ్చాయి. ఉప్పు మాత్రం అలాగే తడిసేది.

అలా ఉండగా నల్లరేవు ఓడరేవు జట్టువాళ్ళు అతన్ని చూశారు. వాళ్ళకి పచ్చగడ్డి మైదానం ఉంది, విదేశాలకు పోయి ఆడే అవకాశం ఉంది. వస్తావా అని అడిగారు. ఎలీషా నిరభ్యంతర పత్రం కోసం మా పర్సనల్ అధికారి పుండరీకాక్షరావు గారి ముందు నిలబడ్డాడు.

పుండరీకాక్షరావు గారు చెడ్డవారని ఎవరూ అనలేరు. అప్పుడే కొత్తగా చేరిన కుర్ర అధికారి. నిబంధనల పుస్తకం చదువుతూ కళ్ళు చెమర్చగా నేను చూశాను.

"ఎలీషా, నువ్వు సంస్థకు ఆస్తివి" అన్నారు ఆప్యాయంగా.

"సంతోషమండీ."

"సంతోషం కాదు, చిక్కు అక్కడే ఉంది. ఆస్తిని బయటివాళ్ళకు ఊరకే ఇవ్వకూడదు, వేలం వెయ్యాలి. మనిషిని వేలం వెయ్యడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. కాబట్టి నిన్ను ఇవ్వడానికి వీల్లేదు."

"నన్ను నేనే తీసుకుపోతానండీ, మీరియ్యబళ్ళా."

"అప్పుడది ఆస్తి అపహరణ కిందికి వస్తుంది" అన్నారు పుండరీకాక్షరావు గారు, నిజంగా బాధపడుతూ.

ఆ సాయంత్రం ఎలీషా, కరీముల్లా ఉప్పు రాశుల పక్కన కూర్చున్నారు. కరీముల్లా ఓదార్చడానికి ప్రయత్నించాడు. "పోనీలే అన్నా. ఆ నల్లరేవోడికి నీ బంతి పట్టడం తెల్దు. పళ్ళు రాలగొట్టుకునేవాడు."

"నీకు మాత్రం మొదట్లో తెల్సా?" అన్నాడు ఎలీషా. ఒంటికంటిన ఉప్పు దులుపుకుని, "పచ్చగడ్డి మీద ఎట్టుంటదో చూద్దామనుకున్నా" అని లేచాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. బయటి ఊళ్ళలో మాత్రం, ఒకే జట్టుని అంటిపెట్టుకున్న నిబద్ధుడని అతనికి పేరొచ్చింది.

తర్వాత వచ్చింది దొంగతనం కేసు. బేస్‌బాల్‌లో పిచ్చర్ బంతి విసిరే సందు చూసుకుని ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి చటుక్కున పరిగెత్తడాన్ని బేస్ దొంగిలించడం అంటారు. కర్ర పట్టే వంతు వచ్చినప్పుడు ఎలీషా ఒకసారి ఆ పని చేశాడు. మర్నాడు జిల్లా పత్రికలో "రెండో బేస్ దొంగిలించిన ఎలీషా" అని వేశారు. విజిలెన్స్ అధికారి ఆ కత్తిరింపు పట్టుకుని జీపులో దిగాడు.

"దొంగిలించిన బేస్ ఇప్పుడెక్కడుంది?"

"ఆడే ఉందండీ."

"అంటే తీసి, మళ్ళీ తెచ్చి పెట్టావు. ఎవరికి భయపడి పెట్టావు?"

"నేను తియ్యలేదండీ. దాని మీద నిలబడ్డా."

"రాసుకో" అన్నాడు అధికారి నా వైపు తిరిగి. "చోరీసొత్తు మీద నిలబడినట్లు ఒప్పుకున్నాడు."

విచారణ సాగినన్నాళ్ళూ బేస్‌లకు గొలుసులు వేసి తాళాలు బిగించారు. పరిగెత్తేవాళ్ళు ఆ గొలుసులు తగిలి పడి మోకాళ్ళు కొట్టుకున్నారు. చివరికి పుండరీకాక్షరావు గారే కలగజేసుకుని ఎలీషాను కాపాడారు. ఆయన నాకు చెప్పి టైపు చేయించిన ఉత్తర్వు ఇది: "ఇకమీదట ఆటగాళ్ళు తగు అధికారి యొక్క ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేనిదే బేస్‌లను దొంగిలించరాదు." ఆ తర్వాత మా జట్టులో ఎవరూ దొంగిలించలేదు. అనుమతి వచ్చేసరికి ఆట అయిపోయేది.

ఇవన్నీ ఎలీషా ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది పదోన్నతి.

ఏళ్ళు గడిచాయి. ఎలీషా నలభై దాటి చాలాకాలమైంది. బంతిలో వేగం తగ్గింది గానీ తిరుగుడు పెరిగింది. సర్వీసు జాబితాలో అతనే అందరికంటే పైన ఉన్నాడని గుర్తించి సంస్థ అతన్ని పర్యవేక్షక ప్రక్షేపకుణ్ణి చేసింది. గది ఇచ్చారు, ఫ్యాను ఇచ్చారు, చేతుల కుర్చీ ఇచ్చారు. అతని భార్య దీవెనమ్మ ఆ కుర్చీ చూడ్డానికి ప్రత్యేకంగా ఆఫీసుకొచ్చింది. ఉప్పు మడుల్లో కాళ్ళు పగిలిన మనిషి ఆమె. కుర్చీ చేతిని తడిమి, "ఇప్పటికి మనుషులమయ్యాం" అంది.

తర్వాతి ఆటలో ఎలీషా దిబ్బ ఎక్కి బంతి ఎత్తేసరికి పుండరీకాక్షరావు గారు గీత దగ్గర్నుంచి కేకేశారు. "ఎలీషా! నువ్వు విసరకూడదు. విసరడాన్ని పర్యవేక్షించాలి. అది నీ హోదా."

"మరి విసిరేదెవరండీ?"

"నీ కింది ఉద్యోగి."

"నా కింద ఎవురూ లేరుగదండీ."

"ఆ పోస్టు ఖాళీగా ఉంది. నియామకాల మీద నిషేధం ఎత్తేశాక భర్తీ చేస్తారు. నువ్వు పర్యవేక్షిస్తూ ఉండు."

ఎలీషా పర్యవేక్షించాడు. కరీముల్లా గ్లవ్స్ చాచి కూర్చున్నాడు. బ్యాటర్ కర్ర ఎత్తి నిలబడ్డాడు. రాని బంతి కోసం అందరూ చూశారు. చూసి చూసి అంపైర్ అవతలి జట్టుకు ఆట ఇచ్చేశాడు. ఆ ఏడంతా మా జట్టు అలాగే ఓడింది. వార్షిక నివేదికలో "పర్యవేక్షణలో ఎట్టి లోపమూ లేదు" అని నేను టైపు చేశాను.

గదిలో ఫ్యాను కింద కూర్చుని ఎలీషా ఊరికే భుజం తిప్పుకుంటూ ఉండేవాడు. మనిషి చిక్కిపోయాడు. ఒకనాడు పుండరీకాక్షరావు గారి దగ్గరకొచ్చాడు.

"నన్ను మళ్ళీ కిందకి దించెయ్యండి సార్."

"పదోన్నతి వద్దనడానికి నిబంధన లేదయ్యా. కిందికి దించడమంటే శిక్ష. శిక్ష ఎందుకు వెయ్యాలి? నువ్వు తప్పు చెయ్యలేదే!"

"ఏ తప్పు చేస్తే దించుతారండీ?"

పుండరీకాక్షరావు గారు పుస్తకం తిరగేశారు. "పై హోదాలో ఉండి, కింది హోదావారి పని చేస్తే దించవచ్చు."

"అంటే బంతి విసిరితే?"

"అవును. అది చాలా పెద్ద తప్పు" అన్నారు.

ఎలీషా మొహం విప్పారింది. ఆ వారమే జరిగిన ఆటలో విసిరాడు, మా జట్టు గెలిచింది. విచారణ పెట్టారు. నేరం ఒప్పుకున్నాడు. దీర్ఘకాల సేవలను దృష్టిలో ఉంచుకుని దయతో క్షమించారు. కుర్చీ కుర్చీగానే ఉంది.

మళ్ళీ విసిరాడు. ఈసారి విచారణాధికారి ఇంకా మంచివాడు దొరికాడు. బంతులన్నీ సరిగ్గా పడవలసిన చోటే పడ్డాయంటే పర్యవేక్షణ ఎంత గొప్పగా ఉందో ఊహించవచ్చని రాసి, ప్రశంసాపత్రం ఇవ్వాలని సిఫారసు చేశాడు.

ఆ పత్రం చూసి ఇంట్లో దీవెనమ్మ మురిసిపోయింది. ఎలీషా తలపట్టుకు కూర్చున్నాడు.

"ఏంది నీ బాధ? కుర్చీలో కూర్చోమంటే ముల్లు గుచ్చుకున్నట్టు చేస్తావు?" అందామె.

"ఈడ్నించి బంతి పోయేప్పుడు" అని వేళ్ళ కొసలు చూపించాడు, "ఏదో ఉంటదే. అది లేకపోతే నాకు అన్నం సయించట్లా."

"నా మొహం చూస్తే సయిస్తదా అన్నం? ఉన్న కుర్చీ ఊడితే రేపు పింఛను తగ్గుద్ది. అది తెల్సా?"

"తెల్సు" అన్నాడు. ఆమె కోపంగా లోపలికెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది. కానీ మర్నాడు అతను బయల్దేరుతుంటే ఏమీ అనకుండా ఆటచొక్కా ఉతికి మడతపెట్టి ఇచ్చింది.

ఆ రోజు సంస్థ వార్షికోత్సవం. మైదానంలోనే షామియానా వేశారు. మేనేజింగ్ డైరెక్టర్ గారు మైకు ముందు నిలబడి ప్రసంగిస్తున్నారు. "మన సంస్థ అప్రతిహతంగా, అనితరసాధ్యంగా, ఎవ్వరూ ఆపలేని విధంగా పురోగ..." అనేంతవరకు నాకు గుర్తుంది. మైదానం అవతలి గీత దగ్గర్నుంచి ఒక తెల్లటి బంతి వచ్చి, ఆయన చెవి పక్కనుంచి పోయి మైకును మాత్రమే ఎగరగొట్టింది. ఆయన తల మీద వెంట్రుక కూడా కదల్లేదు. అప్పుడు జనం కొట్టినన్ని చప్పట్లు ఏ ప్రసంగానికీ ఎన్నడూ రాలేదు.

ఈసారి దయ చూపినవాళ్ళు లేరు. ఎలీషాను అడుగుకి దించారు: కందుక ప్రక్షేపకుడు, మూడవ తరగతి. గది పోయింది, ఫ్యాను పోయింది. అతను ఆఫీసంతా తిరిగి అందరికీ కోవా పంచాడు. నా బల్ల మీద రెండు పెట్టాడు.

అందువల్ల ఇంకో మెమో పుట్టింది. "శిక్షింపబడిన ఉద్యోగి బహిరంగముగా ఆనందించుట శిక్షను కించపరచుటే యగును. కనుక మీరు పనివేళలలో తగుమాత్రము విచారముగా ఉండవలెను." ఎలీషా దాన్ని గౌరవించాడు. దిబ్బ మీద నిలబడినంతసేపూ మూతి ముడుచుకుని ఉండేవాడు. బ్యాటర్లు భయపడేవాళ్ళు. ఆ మెమో వల్ల కూడా మేము కొన్ని ఆటలు గెలిచాం.

అలా ఆడుతూ ఆడుతూ పదవీ విరమణ రోజుకొచ్చాడు. క్రీడాకారుడైనా గుమాస్తా అయినా యాభై ఎనిమిదేళ్ళు నిండేదాకా పనిచేయాల్సిందే కాబట్టి, మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని కరీముల్లా కూడా ఇంకా గొంతుకూర్చుంటూనే ఉన్నాడు. అదే రోజున నల్లరేవు జట్టుతో విజేతలకిచ్చే డాలు కోసం ఆట పడింది. దీవెనమ్మ వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఆట చూడ్డం అదే మొదలు. ఆడవాళ్ళ కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా గీత పక్కన నిలబడింది.

మధ్యాహ్నం పుండరీకాక్షరావు గారు కవరు పట్టుకుని హడావిడిగా వచ్చారు. ఆయన జుట్టూ నెరిసింది. నెలల తరబడి పై ఆఫీసు చుట్టూ తిరిగి సాధించిన ఉత్తర్వు అది. సంస్థకు జీవితమంతా ధారపోసిన ఎలీషాను మళ్ళీ పర్యవేక్షకుడిగా హెచ్చిస్తున్నారు. కవరు ఆ సాయంత్రం అయిదు గంటల్లోపు అతని చేతికి అందితే పింఛను పెద్ద హోదాకి లెక్కకడతారు. అందిన క్షణంనుంచీ మాత్రం బంతి విసరకూడదు. ఆట జరుగుతుండగా బయటివాళ్ళు గీత దాటకూడదని ఇంకో నిబంధన ఉంది. ఆ నిబంధన రాసింది పుండరీకాక్షరావు గారే. అందుకని గీత దగ్గరే ఆగిపోయి, "ఎలీషా! ఒక్కసారి ఇటు రావయ్యా! నీ మేలుకే!" అని పిలుస్తున్నారు.

ఎలీషాకు అర్థమైంది. అతను ఆయన వైపు చూడలేదు. దీవెనమ్మ వైపు చూశాడు.

స్కోరు సమానంగా ఉంది. బంతి పడ్డ ప్రతిసారీ కరీముల్లా గ్లవ్స్‌లో టప్పుమని చప్పుడు. నల్లరేవు కుర్రాళ్ళు కర్ర తిప్పడం, అది గాలిని కొట్టడం, వాళ్ళే నవ్వుకుంటూ వెనక్కిపోవడం. దీవెనమ్మ అవన్నీ చూసింది. అతని మొహంలో ఆమెకు ఏం కనపడిందో నాకు తెలియదు. నాకైతే, మూతి ముడుచుకుని ఉండడం ఆ రోజు అతనికి చాలా కష్టంగా ఉన్నట్టు కనిపించింది.

పుండరీకాక్షరావు గారు ఆమె దగ్గరకెళ్ళారు. "అమ్మా, మీరైనా పిలవండి. పింఛనమ్మా! రేపు ఇబ్బంది పడేది మీరే."

"ఆయన పన్లో ఉన్నాడండీ" అంది దీవెనమ్మ.

"అయిదు దాటితే ఈ కాగితం చిత్తుకాగితమే."

"దాటనియ్యండి. ఉప్పు మళ్ళల్లో ఇంతకన్నా ఎండే చూశాం" అని ఆమె చెంగు నెత్తిన కప్పుకుని మళ్ళీ ఆట చూడ్డంలో పడింది.

స్కోరు సమానంగానే ఉండిపోయింది. ఇన్నింగ్స్ మీద ఇన్నింగ్స్ పెరిగాయి. చివరికి మా వాళ్ళు ఒక పరుగు ముందుకొచ్చారు. ఇంకొక్క బ్యాటర్ని అవుట్ చేస్తే డాలు మాది. ఆ బ్యాటర్ రెండుసార్లు గాలిని కొట్టాడు. మూడో బంతికి ఎలీషా చెయ్యి ఎత్తుతుండగా ఉప్పు మిల్లు సైరన్ మోగింది. అయిదయింది.

పనివేళ అయిపోయిందని అంపైర్ ఆట ఆపాడు. పుండరీకాక్షరావు గారు ఇప్పుడు గీత దాటి లోపలికి నడిచారు. కవరు మడిచి జేబులో పెట్టుకున్నారు. దిబ్బ కింద నిలబడ్డారు.

"ఎలీషా గారూ, ఈ క్షణం నుంచీ మీరు సంస్థ ఉద్యోగి కారు. మీ చేతిలో ఉన్నది సంస్థ బంతి. బయటివ్యక్తి దగ్గర అది ఉండకూడదు. దయచేసి తిరిగి ఇచ్చేయండి."

ఇన్నేళ్ళలో ఆయన నోట 'గారూ' అని నేను వినడం అదే మొదలు.

"ఎవరికియ్యాలండీ?" అడిగాడు ఎలీషా.

"సంస్థకు. అంటే సంస్థ ఉద్యోగుల్లో ఎవరికైనా."

"కరీముల్లా ఉద్యోగేనాండీ?"

పుండరీకాక్షరావు గారు ఆలోచించారు. "అవును, అతనికింకా ఏడాది సర్వీసు ఉంది."

"అయితే ఇచ్చేస్తన్నా, తప్పుకోండి" అన్నాడు ఎలీషా.

కరీముల్లా గ్లవ్స్ చాచాడు. బ్యాటర్ అర్థం చేసుకుని కర్ర ఎత్తాడు. ఎలీషా చెయ్యి వెనక్కి వెళ్ళి ముందుకొచ్చింది. అతని మూతి ముడుచుకుని లేదు. విచారంగా ఉండమనే అధికారం ఇప్పుడెవరికీ లేదు. బంతి మోకాలి ఎత్తున తిన్నగా వచ్చి, కర్ర దగ్గర ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి తిరిగింది. బ్యాటర్ బలంకొద్దీ గాలిని కొట్టాడు. టప్పుమంది గ్లవ్స్‌లో.

అది ఆటా కాదా అని అంపైర్ నిబంధనల పుస్తకం కోసం వెతుక్కుంటున్నాడు. నల్లరేవు బ్యాటర్ మాత్రం కర్ర చంకలో పెట్టుకుని, "మూడయినయ్ గదండీ, నేను అవుటే" అని ఎలీషాకు దణ్ణం పెట్టి నడిచి వెళ్ళిపోయాడు.

పుండరీకాక్షరావు గారు కరీముల్లా దగ్గరికెళ్ళి బంతి తీసుకున్నారు. ఇటూ అటూ తిప్పి చూశారు. తర్వాత నన్ను పిలిచారు.

"రాసుకోవోయ్" అన్నారు. "సంస్థ బంతి సంస్థకు చేరినది. ఇచ్చిన విధానములో ఎట్టి లోపమూ లేదు."